నాబ్ మీద తెల్ల చుక్క

మా ఆయన్ని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఆగండాగండి గారు" అంటారు. ఫోటో తీసేముందు ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే మరి. నవ్వమని చెప్పరు, ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టరు. కెమెరాకి కన్ను ఆనించి, ఎడమ చెయ్యి గాల్లోకి లేపి "ఆగండాగండి" అంటారు, అంతే. ఆ మాటకి ఊపిరి బిగబట్టి నిలబడ్డ జనం ఈ ముప్పై రెండేళ్ళలో ఎన్ని వేలమందో లెక్కలేదు. పెళ్ళయిన కొత్తలో నేను పొయ్యి మీంచి పాలు దించబోతుంటే కూడా కెమెరా పట్టుకొచ్చి అదే మాట అన్నారు. నేను వెర్రిదానిలా ఆగాను. పాలన్నీ పొయ్యిపాలయ్యాయి.

ఆయన కెమెరా వయసులో ఆయన కంటే పెద్దది. వాళ్ళ మేనమామ వాడి వాడి, చేతులు వణకడం మొదలయ్యాక ఈయన చేతిలో పెట్టాడు. ఫిల్ము వేసే పాత రిఫ్లెక్స్. మోస్తే మెడ లాగేస్తుంది. దాని లోపల ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మని ఆ అద్దమే పైకి తిప్పి మన కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే అద్దం లేచి దారి ఇస్తుంది, వెలుగు పోయి ఫిల్ము మీద పడుతుంది. తర్వాత వచ్చిన కెమెరాల్లో ఆ అద్దం రెప్పపాటులో మళ్ళీ దిగిపోతుందట. ఈ ముసలిదానికి అంత మర్యాద లేదు. మీట తిప్పి ఫిల్ముని ముందుకు జరిపేదాకా పైనే ఉంటుంది. అందాకా చూసేవాళ్ళ కంటికి చీకటే. తెలియనివాళ్ళు పాడైపోయిందనుకుంటారు. "పాడవలేదండీ, అలిగింది. మీట తిప్పితే పలుకుతుంది" అంటారు ఈయన. నా అలకకి మాత్రం ఇన్నేళ్ళలో ఆయన దగ్గర మీట దొరకలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అసలు కథంతా దాని మీదే ఉంది. కెమెరా నెత్తి మీద ఎడమ పక్కన, అయిపోయిన ఫిల్ముని వెనక్కి చుట్టడానికి, రివైండ్ నాబ్ అని ఒకటి ఉంటుంది. ఫిల్ము అంచు చిల్లులు లోపలి చక్రం పళ్ళకి సరిగ్గా పట్టుకుంటే, కుడిచేత్తో మీట తిప్పినప్పుడల్లా ఎడమ పక్కన ఈ నాబ్ దానంతటది తిరుగుతుంది. పట్టుకోకపోతే తిరగదు. మిగతావన్నీ మాత్రం సవ్యంగానే నడుస్తాయి. మీట తిరుగుతుంది, అంకె మారుతుంది, అద్దం లేస్తుంది, టక్కుమని చప్పుడూ వస్తుంది. ఫిల్ము మాత్రం దాని డబ్బాలో హాయిగా పడుకుని ఉంటుంది. అందుకని ఈయన ఆ నాబ్ మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టుకున్నారు. మీట తిప్పడం, చుక్క చూడటం, మళ్ళీ కన్ను ఆనించడం. నిద్రలో లేపి కెమెరా చేతికిచ్చినా ఆ వరస తప్పదు. తప్పింది ఒక్కరోజే.

ఆ రోజు వచ్చింది టైలరమ్మ గారు. మా వీధిలో సగం మంది ఒంటి మీది బట్టలు ఒకప్పుడు ఆవిడ మిషను మీద పుట్టినవే. టేపు అక్కర్లేదు ఆవిడకి. రోడ్డున పోయే మనిషిని కిటికీలోంచి చూసి భుజం కొలత చెప్పేది. అలాంటి మనిషి రెండేళ్ళుగా గోడ తడుముకుంటూ నడుస్తోంది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికన్ను చుట్టూరా మూసుకుపోతూ మధ్యలో కాస్త మిగిలింది.

"గొట్టంలోంచి చూసినట్టుందే అమ్మాయ్" అంది నాతో, పోయిన వారం కబురు చెప్పడానికి వచ్చినప్పుడు. "సూది కనబడుతుంది, గుడ్డ కనబడదు. పెద్దాడి మొహం చూస్తే పక్కన చిన్నాడు ఉండడు. చిన్నాడి వైపు తిరిగితే పెద్దాడు మాయం. నా కొడుకులిద్దర్నీ కలిపి చూడాలంటే నాకు ఫోటో ఒక్కటే దారి. అరచేతిలో పట్టేంతది చెయ్యి. చెయ్యి చాచి పట్టుకుంటే గొట్టంలో ఇద్దరూ పడతారు."

ఆ గొట్టం కూడా ఏడాది తిరక్కుండా మూసుకుపోతుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట కొడుకులకి చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది. "జాలిపడి వచ్చి నిలబడితే నాకొద్దు. కొడుకుల్లాగా వచ్చి నిలబడాలి" అంది. ఆవిడ పౌరుషం అలాంటిది.

ఆ కొడుకులకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. తండ్రికి ఆపరేషన్ చెయ్యాలన్నప్పుడు, ఇంకో డాక్టరుతో మాట్లాడి వస్తాను ఆగమని చిన్నాయన ఫోను చేశాడు. పెద్దాయన ఆగలేదు, సంతకం పెట్టేశాడు. తండ్రి బల్ల మీంచి లేవలేదు. ఆగి ఉంటే బతికేవాడో, ఇంకా ముందే పోయేవాడో ఎవరు చెప్పగలరు? అప్పట్నుంచి ఉప్పూ నిప్పూ. పెద్దాయన రేవులో క్రేను నడుపుతాడు, చిన్నాయన బళ్ళో లెక్కలు చెబుతాడు. తల్లిని చూడటానికి వచ్చినా వంతులేసుకుని వస్తారు. ఒకడు మెట్లు దిగాక గానీ ఇంకొకడు ఎక్కడు.

ఇక మా ఇంటి భాగోతం. ముందురోజు స్టూడియోలో ఎవరో దంపతులకి ఫోటో తీస్తుంటే కుడిపక్క లైటు వెలగలేదు. "ఏవండీ, లైటు పడలేదు" అన్నాను. తప్పా? వాళ్ళ ముందే ఆయన గయ్యిమన్నారు. "నేను తీసేటప్పుడు నీ నోటికి తాళం వేసుకో." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాత్రి మాటల్లేవు, పొద్దున్న మాటల్లేవు. టీ కప్పు ఆయన ముందు పెట్టిన చప్పుడుకి పిల్లి లేచి పారిపోయింది. అయినా స్టూడియోకి వెళ్ళాను. తెల్ల అట్ట పట్టుకుని, కిటికీ వెలుగుని మొహాల మీదికి తిప్పే పని నాది. ఇంకెవరు చేస్తారు?

మధ్యాహ్నం రెండింటికి టైలరమ్మ గారు వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈయన కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము కొస లాగి, దాన్ని చుట్టుకునే చక్రం సందులో దోపుతున్నారు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద గొంతులు లేచాయి. కొడుకులిద్దరికీ రెండోవాడు వస్తున్నట్టు చెప్పకుండా ఒకే టైము చెప్పింది మహాతల్లి.

"వీడొస్తున్నాడని చెప్పలేదేంటమ్మా?" పెద్దాయన గుమ్మంలోంచే అరిచాడు.

"చెబితే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

చిన్నాయన అప్పటికే వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగాడు. మా ఆయన కెమెరా తలుపు టక్కున మూసి, దాన్ని స్టాండు మీద పెట్టి, "ఆగండాగండి" అంటూ పరిగెత్తి ఆయన భుజం పట్టుకున్నారు. ఏం చెప్పారో నాకు వినబడలేదు. మొత్తానికి ఇద్దర్నీ తీసుకొచ్చి తల్లి కుర్చీ వెనక చెరో పక్కన నిలబెట్టారు. మధ్యలో ఇంకో మనిషి దూరేంత సందు. ఇద్దరి చూపూ చెరో గోడ మీద.

మొదటి ఫోటో తీసి మీట తిప్పారు. నేను అట్ట పట్టుకుని ఎడమ పక్కనే ఉన్నాను. చుక్క కదల్లేదు.

ఒకసారికి అలా అవుతుంది, ఫిల్ము వదులుగా ఉంటే సర్దుకుంటుంది, నాకు తెలుసు. రెండోది తీశారు. మీట తిప్పారు. చుక్క అక్కడే ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. కన్ను తిప్పితే ఆ అన్నదమ్ములు పారిపోతారేమో అన్నట్టు వాళ్ళనే పట్టుకుని ఉన్నారు. చెప్పాలని నోరు తెరిచాను. వెంటనే ముందురోజు మాట చెవుల్లో మోగింది. తాళం వేసుకోమన్నారుగా, వేసుకున్నాను. మూడోదానికి ఆయనే చూసుకుంటారులే, అప్పుడు తెలుస్తుంది నా విలువ అనుకున్నాను. ఇంత చిన్నబుద్ధి నాలో ఉందని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడోదానికి ఆయన చూడలేదు. నాలుగోదానికీ చూడలేదు. ఐదో ఫోటోకి టైలరమ్మ గారు మెడ తిప్పకుండానే అంది, "ఒకే తానులోంచి ఇద్దరికీ చొక్కాలు కుట్టేదాన్ని. చిన్నాడు పెద్దాడిది వేసుకుని బడికి పోతే, పెద్దాడు పొట్ట బయటపెట్టుకుని వెనకాల ఏడుస్తూ పోయేవాడు." పెద్దాయన మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. చిన్నాయన కిందికి చూశాడు, కానీ బుగ్గ సొట్టపడింది. "ఆగండాగండి" అన్నారు ఈయన, ఆనందంగా. టక్కుమంది. ఆ నవ్వు ఎక్కడా పడలేదు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఇప్పుడు చెబితే, ఇంతసేపూ ఏం చేస్తున్నావని అడగరా? మింగలేను, కక్కలేను. ఇంకో నాలుగు తీశారు. నేను చుక్కనే చూస్తూ నిలబడ్డాను.

"నీ ముచ్చట తీరింది కదమ్మా" అని పెద్దాయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు. మూడుంపావు బస్సుకి వెళ్ళాలి, సాయంత్రం డ్యూటీ ఉంది. తమ్ముడి వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. చిన్నాయన తల్లిని తీసుకెళ్ళాలి కాబట్టి, అన్న వెళ్ళేదాకా ఆగుదామని వెనక వరండాలో నిలబడ్డాడు.

ఈయన పాటేదో కూనిరాగం తీస్తూ ఫిల్ము వెనక్కి చుట్టడానికి నాబ్ తిప్పారు. బిగువు లేదు. రెండు వేళ్ళ మధ్య బొంగరంలా తిరిగింది. కూనిరాగం ఆగిపోయింది.

"పట్టలేదు" అన్నాను నేను. "చుక్క తిరగలేదండీ. నేను చూశాను."

"ఎప్పుడు చూశావు?"

"మొదటి దానికే."

ఆయన అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. నా మొహంలోకి చూసి, కెమెరా వైపు చూసి, కుర్చీలో మంచినీళ్ళు తాగుతున్న టైలరమ్మ గారి వైపు చూశారు.

"కడిగేటప్పుడు ల్యాబులో పాడైందని చెబుదాం" అన్నాను గుసగుసగా.

"ల్యాబు ఎవరు? మన స్నానాలగదిలో కడిగేది నేనే కదా" అన్నారు. వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నారు. "అమ్మా, తప్పు జరిగింది. ఫిల్ము సరిగ్గా ఎక్కించలేదు నేను. ఒక్కటీ పడలేదు."

నా పేరు ఎత్తనేలేదు.

టైలరమ్మ గారు గ్లాసు కింద పెట్టబోయింది. బల్ల అంచు దొరక్క గ్లాసు రెండుసార్లు గాల్లో ఆగింది. "పెద్దాడు వెళ్ళిపోయాడా?" అని మాత్రం అడిగింది.

నేను చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు ఎలా దిగానో తెలియదు. మందుల షాపు మలుపు తిరిగేసరికి బస్సు వచ్చి ఆగింది. యాభై దాటిన దాన్ని, పరిగెత్తి పాతికేళ్ళయింది. "ఆపండి, ఆపండి" అని అరుస్తూ వెళ్ళి, మూసుకోబోతున్న తలుపులోంచి లోపల పడ్డాను. పెద్దాయన వెనక నుంచి రెండో సీట్లో ఉన్నాడు. బస్సు కదిలింది.

"అన్నయ్యా, మీరు దిగాలి. ఫోటో పడలేదు. మళ్ళీ తియ్యాలి."

ఆయన నా కాళ్ళ వైపు చూసి లేచి సీటు ఇచ్చాడు. "లేదు చెల్లెమ్మా. ఈ ఒక్కసారికే నా ప్రాణం పోయింది. వాడి పక్కన ఇంకోసారి నిలబడటం నా వల్ల కాదు."

"తప్పు మాది. నాది. నేను చూసి కూడా చెప్పలేదు."

"ఎవరిదైతే ఏముంది? వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది! టైలరమ్మ గారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను, మూసుకోవాల్సిన చోట తెరవబోతున్నాను, నా బతుకే ఇంత అనుకున్నాను. అయినా చెప్పేశాను. ఆవిడ అన్న గొట్టం, సూది, గుడ్డ మాటలు చెప్పాను, ఏడాది గురించి చెప్పాను. మీ ఇద్దర్నీ కలిపి చూడటానికి ఆవిడకి ఫోటో తప్ప వేరే దారి లేదని చెప్పాను.

బస్సు తర్వాతి స్టాపు దాకా వెళ్ళింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

"సూది కనబడుతుంది, గుడ్డ కనబడదు అందా?"

"అలాగే అంది."

"మొన్న నేనెళ్తే సూదిలో దారం ఎక్కించి చూపించింది. చూపు బానే ఉందిరా అని." ఆయన లేచి, "ఆపండి, దిగాలి" అని డ్రైవరుకి వినబడేలా అరిచాడు.

తిరిగి వచ్చేదారంతా ఆయన ముందు, నేను వెనక. చిన్నాయన తల్లిని తీసుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటాడనే నా భయం. మేము మలుపు తిరిగేసరికి నిజంగానే తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. మా ఆయన రెండు చేతులూ చాచి కింది మెట్టుకి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"మా అమ్మకి కంట్లో మందు వేసే టైమైందండీ! ఇంకెంతసేపు ఆపుతారు?" చిన్నాయన విసుక్కుంటున్నాడు. అన్నని చూసి ఆగిపోయాడు.

"పైకి పద" అన్నాడు పెద్దాయన. తొమ్మిదేళ్ళలో తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అదే. చిన్నాయనకి ఏం జరిగిందో అర్థం కాలేదు. కానీ అన్న మొహం చూసి తల్లిని వెనక్కి తిప్పాడు.

పైకి వెళ్ళాక ఈయన ఫిల్ము మళ్ళీ ఎక్కించారు. అదే ఫిల్ము, దాని మీద ఏమీ పడలేదు కదా. తలుపు మూసి, మీట తిప్పబోయి, ఆగి నా వైపు చూశారు. "నువ్వు చూసి చెప్పు" అన్నారు.

మీట తిప్పారు. చుక్క గుండ్రంగా తిరిగింది. "తిరుగుతోంది" అన్నాను.

కొడుకులిద్దరూ గోడకి వేసిన తెర ముందు నిలబడ్డారు. తల్లిని మధ్యలోకి తీసుకెళ్ళబోతే ఆవిడ కెమెరా దగ్గరే ఆగింది. "నాయనా, దీంట్లో నీకు ఇద్దరూ కనబడతారా?"

"కనబడతారమ్మా."

"ఒకేసారి?"

ఈయన ఉన్న లెన్స్ తీసి, అలమరలోంచి వెడల్పు లెన్స్ తెచ్చి బిగించారు. దాంట్లో గదంతా చిన్నదై కనబడుతుంది. కెమెరా వెనక ఆవిడకి కుర్చీ వేసి, స్టాండు ఆవిడ కంటి ఎత్తుకి దించి, కుడికన్ను ఆనించే చోటు చూపించారు. "మీరిద్దరూ ఇంకా దగ్గరికి జరగండి" అన్నారు. వాళ్ళు జరిగారు. ఈసారి మధ్యలో సందు లేదు.

ఆవిడ చూస్తూ ఉండిపోయింది. కింద రోడ్డు మీద ఏదో బండి హారను కొట్టుకుంటూ పోయింది.

"పెద్దాడికి జుట్టు ఊడిపోయింది" అంది చివరికి. "చిన్నాడు చొక్కా కాలరు పైకి పెట్టుకున్నాడు. నొక్కనా?"

ఈయన ఆవిడ వేలు తీసుకుని బటన్ మీద పెట్టారు. టక్కుమంది.

ఆవిడ కెవ్వుమని అరిచింది. "పోయింది! పోయిందే అమ్మాయ్! నా కన్ను పోయింది!"

కొడుకులిద్దరూ ఒక్క దూకున వచ్చిపడ్డారు. తెర పక్కనున్న స్టూలు వాళ్ళ కాలు తగిలి పడిపోయింది. పెద్దాయన భుజాలు పట్టుకున్నాడు, చిన్నాయన మోకాళ్ళ మీద పడి చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, అమ్మా, ఇటు చూడమ్మా!" ఆవిడ కళ్ళు గట్టిగా మూసేసుకుంది. తెరిచి చూడటానికి భయం. మా ఆయన బిక్కచచ్చిపోయారు. అద్దం లేచాక వచ్చే ఆ చీకటి ముప్పై రెండేళ్ళుగా అలవాటై, అదొకటి ఉందని ఆవిడకి చెప్పాలనే తోచలేదాయనకి. అలవాటుగా "ఆగండాగండి" అన్నారు. ఆ మాటకి ఎవరూ ఆగకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ కెమెరాని నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. చెయ్యి చాచి మీట పట్టుకుని చివరిదాకా తిప్పాను. లోపల అద్దం దిగిన చప్పుడైంది. చుక్క తిరిగింది.

"కన్ను పోలేదండీ! కెమెరా చీకటి అది! మళ్ళీ చూడండి!" నేను అరిచిన అరుపు కింద షాపు వాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

ఆవిడ మెల్లిగా కన్ను తెరిచి మళ్ళీ ఆనించింది. "తెర ఉంది" అంది. "స్టూలు పడిపోయి ఉంది. వీళ్ళిద్దరూ ఏరి? ఎక్కడికి పోయార్రా?"

"ఇక్కడే ఉన్నామమ్మా" అన్నారిద్దరూ, ఒకేసారి.

ఆ తర్వాత ముగ్గుర్నీ కలిపి ఈయన నాలుగు ఫోటోలు తీశారు. నాలుగూ బాగా వచ్చాయి. టైలరమ్మ గారు వాటిని పక్కకి తోసేసి తను తీసిందే కావాలంది. అందులో పెద్దాయన నోరు సగం తెరిచి ఉంది. చిన్నాయన కెమెరా వైపు కాకుండా అన్న వైపు చూస్తున్నాడు. ఆవిడ లేదు. "నేనెందుకు దాంట్లో? చూసేది నేనే కదా" అంది. అరచేతిలో పట్టేంత ప్రింటు వేసి ఇచ్చాం.

మాట తప్పినందుకు ఆవిడ నాతో నెలరోజులు పలకలేదు. అన్నదమ్ములు ప్రాణస్నేహితులైపోయారని చెబితే అబద్ధమవుతుంది. అమ్మ మందు వేసుకుందా, వేసుకుంది అన్నంత వరకు ఫోనులో మాట్లాడుకుంటారు. వంతులు మానేశారు. ఒక్కోసారి ఇద్దరి చెప్పులూ ఆవిడ గుమ్మం ముందు కనబడతాయి. మా ఆయన ఇప్పుడు మీట తిప్పినప్పుడల్లా నా వైపు చూస్తారు. నేను "ఊఁ" అంటే గానీ తర్వాతది తియ్యరు.

డాక్టరు ఏడాది అన్నాడు. ఏడు నెలలకే గొట్టం మూసుకుపోయింది. మొన్న నేను వెళ్ళేసరికి ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి బారుగా చాచి ఆ ఫోటో పట్టుకుని ఉంది. నా అడుగుల చప్పుడు విని, "సరిగ్గానే పట్టుకున్నానా అమ్మాయ్?" అంది.

సరిగ్గా పట్టుకోలేదు. కొడుకులిద్దరూ తలకిందులుగా ఉన్నారు. ఆవిడకి తెలిసే దారి లేదు, నేను అవునంటే సరిపోయేది.

"తలకిందులుగా ఉందండీ" అన్నాను. తిప్పి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టాను.